మిషిగన్ తెంచుకున్న బంధం

సంపాదకులకు నమస్కారం.

చైనా విద్యార్థులు అమెరికాకు వెళ్లడం తగ్గితే ఆ సీట్లు మన పిల్లలకు దక్కుతాయన్న మాట ఈ మధ్య తల్లిదండ్రుల నోట తరచుగా వింటున్నాను. 2023-24లో భారతీయ విద్యార్థులు 3,31,602 మందితో అక్కడ చైనాను దాటి మొదటి స్థానానికి చేరిన మాట నిజమే. కానీ ఆ ఆశ ఎంత పొరపాటో, అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయం ఒక చైనా విశ్వవిద్యాలయంతో బంధం తెంచుకున్న ఉదంతం చూస్తే తెలుస్తుంది.

ఆ విశ్వవిద్యాలయానికి చైనా పండితులలో ఉన్న గౌరవం నిన్నమొన్నటిది కాదు. షి మెయ్‌యు, కాంగ్ చెంగ్ అనే ఇద్దరు చైనా యువతులు 1896లో అక్కడ వైద్య పట్టాలు పుచ్చుకుని, స్వదేశానికి తిరిగి వెళ్లి జియుజియాంగ్‌లో రోగులకు చికిత్స చేశారు. 1933లో అక్కడే డాక్టరేట్ పొందిన వూ దాయౌ, జపాన్‌తో యుద్ధం సాగుతున్న రోజుల్లో చైనాలోని కున్‌మింగ్‌లో భౌతికశాస్త్రం బోధించారు. ఆయన శిష్యులైన యాంగ్, లీలకు 1957లో నోబెల్ బహుమతి లభించింది. కళాశాలలో నేను కేంద్రక భౌతికశాస్త్రం చెప్పినన్నాళ్లూ ఆ ఇద్దరి పేర్లు తలవకుండా పాఠం ముగిసేది కాదు. ఆసియా మహిళల కోసం ఆ విశ్వవిద్యాలయం ఇచ్చిన బార్బర్ ఉపకారవేతనంతోనే మన వృక్షశాస్త్రవేత్త జానకీ అమ్మాళ్ కూడా 1931లో డాక్టరేట్ సాధించి, కోయంబత్తూరులో చెరకు వంగడాలపై పరిశోధించారు.

షాంఘై జియావో టోంగ్ విశ్వవిద్యాలయంతో కలిసి 2006లో నెలకొల్పిన ఇంజనీరింగ్ విద్యాసంస్థ ఈ పరంపరలోదే. దానితో బంధాన్ని మిషిగన్ 2025 జనవరిలో తెంచుకుంది. ఆ సంస్థ ద్వారా వచ్చి చదివిన ఐదుగురు విద్యార్థులు 2023 ఆగస్టులో క్యాంప్ గ్రేలింగ్ సైనిక శిక్షణా స్థలం దగ్గర రాత్రివేళ కనబడటం, దర్యాప్తు అధికారులకు అబద్ధాలు చెప్పారని వారిపై మరుసటి ఏడాది అభియోగాలు నమోదు కావడం, ఆపై అమెరికా ప్రతినిధుల సభ చైనా వ్యవహారాల కమిటీ అధ్యక్షుడు జాన్ మూలెనార్ ఆ బంధాన్ని తెంచుకోమని విశ్వవిద్యాలయానికి లేఖ రాయడం ఇందుకు దారితీశాయి. దేశ భద్రత చిన్న విషయం కాదు. తప్పు చేసినవారిని న్యాయస్థానం విచారించవలసిందే. రక్షణ సంబంధమైన పరిశోధనను వేరుచేసి కాపాడుకునే హక్కూ ఆ దేశానికి ఉంది. అయితే ఐదుగురిపై వచ్చిన అభియోగం వేలమంది చదువుకు అడ్డు రావడం న్యాయం కాదు. ఈనాడు పాస్‌పోర్టు చూసి చైనా విద్యార్థిని అనుమానించే పద్ధతి స్థిరపడితే, రేపు అదే వరుసలో హైదరాబాదు నుంచో విజయవాడ నుంచో వెళ్లిన మన పిల్లలూ నిలబడవలసి వస్తుంది.

విదేశీ విద్యపై మీరు ప్రచురించే పుటలో వీసాల సంఖ్యలతో పాటు ఇటువంటి నిర్ణయాల పూర్వాపరాలను కూడా వివరించవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకుడు,
విశాఖపట్నం