పదేళ్ల సీసా తెరిచాను, కిట్‌లో కాగితం మారుస్తున్నాను

అందరికీ నమస్తే. మన షాపులో ఇంట్లోనే బార్లీ వైన్ చేసుకునే కిట్ తీసుకున్నవాళ్లు ఇది తప్పకుండా చదవండి, కిట్‌తో పాటు నేనిచ్చే కాగితంలో ఒక మాట తప్పని పోయిన వారమే నాకు తెలిసొచ్చింది. కొత్తవాళ్ల కోసం చెప్తున్నా, బార్లీ వైన్ పేరుకే వైన్, నిజానికి అది బాగా స్ట్రాంగ్ బీర్.

స్టోర్‌రూమ్‌లో ర్యాకులు జరుపుతుంటే వెనకాల గోడకి ఆనుకుని ఒక అట్టపెట్టె కనపడింది, దుమ్ము దులిపి తెరిస్తే ఐదు సీసాలు, మెడకి చుట్టిన టేపు మీద నా చేతిరాతే. షాపు పెట్టకముందు ఇంట్లో చేసిన నా మొదటి బార్లీ వైన్ అది, పదేళ్లు దాటింది. పాత నోట్‌బుక్ వెతికి తీస్తే లెక్కలన్నీ ఉన్నాయి, పులియకముందు గ్రావిటీ, అంటే నీళ్లతో పోలిస్తే సాంద్రత, 1.100, పులిశాక 1.024, అంటే ఆల్కహాల్ దాదాపు 10 శాతం. దాని కింద ఇంకో లైను, మూడు నెలలకి టేస్ట్ చేశా, గొంతు మండుతోంది, చేదు మరీ ఎక్కువ, పాడైంది అని. పారబోయడానికి మనసొప్పక పక్కన పెట్టి, షాపు పనుల్లో పడి పూర్తిగా మర్చిపోయాను.

రెండు రోజులు సీసాల్ని నిలబెట్టి చల్లగా ఉంచాను, మడ్డి అడుక్కి దిగాలి కదా. పాత సీసాలో గ్యాస్ ఎక్కువైపోయి ఉంటే తెరిచేటప్పుడు ప్రమాదం, అందుకని మూత మీద గుడ్డ కప్పి ఓపెనర్ పెట్టాను. మొదటిదానికి చప్పుడే రాలేదు. మూత తిప్పి చూస్తే లోపల అంచు చుట్టూ తుప్పు, గ్లాసులో పోస్తే నురగ లేదు, వాసన అచ్చం తడిసిన అట్టముక్క. ఒక్క గుక్క తాగి పెట్టేశాను, చాలా బాధేసింది.

రెండోది తెరవగానే ఉస్సుమని సన్నగా గ్యాస్ వచ్చింది. ఎర్రగా ఉండాల్సిన రంగు ముదురు గోధుమకి తిరిగింది, అంచున పల్చటి నురగ గీత, అడుగున ఈస్ట్ గట్టిగా అంటుకుపోయి ఉంది కాబట్టి చివరి రెండు వేళ్లు సీసాలోనే వదిలేసి పోశాను. గది వేడికి కొంచెం కొంచెంగా వాసన విచ్చుకుంది, ముందు ఎండుద్రాక్ష, తర్వాత ఖర్జూరం, మాడీ మాడని చక్కెర, చివర్లో పాత షెర్రీ వైన్‌లా ఏదో. బీర్‌కి చేదూ వాసనా ఇచ్చే హాప్స్ పువ్వుల వాసన అస్సలు లేదు, ఆ రోజు నన్ను భయపెట్టిన చేదు ఇప్పుడు తీపిని మోసేంత మాత్రమే మిగిలింది, గొంతులో మంట పోయి వెచ్చదనం ఉంది. నేను చేసినవాటిలో ఇంత మంచి బీర్ ఇంకోటి లేదు, ఈ మాట ఆలోచించే రాస్తున్నా. మూడోది ఈ రెండింటికీ మధ్యలో ఉంది, వాసన బాగుంది కానీ గ్యాస్ తక్కువ, వెనకాల కొంచెం సోయా సాస్ రుచి. అడుగున చచ్చిన ఈస్ట్ కణాలు పగిలితే ఆ రుచి వస్తుంది.

ఒకే బీర్, ఒకే రోజు నింపినవి, ఒకే పెట్టెలో ఉన్నవి, ఇంత తేడా ఎందుకొచ్చిందంటే నాకు అర్థమైనంతవరకు మూతే కారణం. అప్పుడు నా దగ్గరున్నది మూతలు బిగించడానికి చేత్తో నొక్కే చిన్న క్యాపర్, కొన్ని మూతలు సరిగ్గా బిగుసుకోలేదు. వాటిలోంచి గ్యాస్ మెల్లగా బయటికి పోతుంది, ఆక్సిజన్ మెల్లగా లోపలికి వస్తుంది. బాగా బిగించిన మూత లోపలి ప్లాస్టిక్ పొర కూడా ఏళ్ల తరబడి కొంచెం కొంచెం ఆక్సిజన్‌ని లోపలికి వదులుతూనే ఉంటుంది. ఎండుద్రాక్ష రుచి తెచ్చిందీ ఆ ఆక్సిజనే, అట్టముక్క చేసిందీ అదే, ఎంత వచ్చిందన్నదే తేడా.

ఇంక నా తప్పు. కిట్ కాగితంలో 'కనీసం ఏడాది ఉంచండి, ఎంతకాలం ఉంచితే అంత బాగుంటుంది' అని రాశాను, కౌంటర్ దగ్గర కూడా అదే చెప్పాను. ఆ రెండో ముక్క తీసేస్తున్నాను. ఆరు నెలలకి ఒకటి, ఏడాదికి ఒకటి, తర్వాత ఏడాదికోసారి ఒక్కోటి తెరిచి రాసుకోండి, బాగుందనిపించిన దగ్గర మిగతావి తాగేయండి. నాలాగా మూడు నెలలకే పాడైందని తేల్చేయొద్దు, పారబోయొద్దు, ఇంత స్ట్రాంగ్ బీర్‌కి మొదట్లో ఆ మంట మామూలే.

ఇకనుంచి కిట్‌లో ఆక్సిజన్ పీల్చుకునే మూతలు పెడుతున్నా. వాటిని గంటల ముందు నీళ్లలో నానబెట్టొద్దు, తడి తగలగానే పని మొదలుపెట్టేస్తాయి, శానిటైజర్‌లో ముంచి వెంటనే బిగించేయాలి. కిట్ తీసుకుని ఇంకా సీసాలు నింపనివాళ్లు వచ్చి ఆ మూతలు ఊరికే తీసుకెళ్లండి, నింపే రోజు వేయడానికి కొంచెం తాజా ఈస్ట్ కూడా ఇస్తాను, నెలల తరబడి పెద్ద డబ్బాలో ఉన్న స్ట్రాంగ్ బీర్‌లో పాత ఈస్ట్ అలిసిపోయి గ్యాస్ సరిగ్గా పట్టించదు. నింపేసినవాళ్లు కంగారు పడకండి, సీసాల్ని నిలబెట్టి, చీకట్లో, 10 నుంచి 13 డిగ్రీల దగ్గర ఉంచితే చాలు, అంత చల్లటి చోటు లేకపోతే ఎక్కువకాలం దాచకుండా ముందే తాగేయండి, వేడికి ఈ మార్పులన్నీ తొందరగా జరిగిపోతాయి.

హాప్స్ ఎక్కువ వేసి చేసే ఐపీఏ బీర్ కూడా ఇలా దాచొచ్చా అని ఇప్పటికే ఇద్దరు అడిగారు, వద్దు. దానికి ప్రాణం హాప్స్ వాసన, ముందు పోయేది అదే, రెండు మూడు నెలల్లో తాగేయండి.

నా దగ్గర ఇంకా రెండు సీసాలున్నాయి, వచ్చే ఏడాది ఒకటి తెరుస్తా. మీ దగ్గర మన కిట్‌తో చేసిన పాత సీసా ఏదైనా ఉంటే, తెరిచినప్పుడు మూత లోపలివైపు ఫొటో తీసి రుచి ఎలా ఉందో రాసి పంపండి, బాగోలేకపోయినా పంపండి, కొత్త కాగితం అచ్చుకిచ్చే ముందు అవన్నీ చూస్తాను.