ట్రేస్ రోడ్డు మీద మా కోసం ఆగినవాళ్ళకి

ముందుగా, అడవి దారిలో కారు ఆగిపోయిన మమ్మల్ని ఆదుకున్న ఆ దంపతులిద్దరికీ మా కుటుంబం తరఫున చేతులెత్తి నమస్కారం. తమ పేర్లు ఎక్కడా రాయొద్దన్నారు, రాయను. చేసిన మేలు చెప్పొద్దని మాత్రం అనలేదు కాబట్టి, అది వివరంగానే చెప్తాను.

నాష్‌విల్ చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్ళకి ల్యాండ్ బిట్వీన్ ద లేక్స్ గురించి చెప్పక్కర్లేదు. మిగతావాళ్ళ కోసం రెండు ముక్కలు. అమెరికాలోని కెంటకీ, టెన్నెసీ రాష్ట్రాల సరిహద్దులో టెన్నెసీ నది, కంబర్లాండ్ నది కొంతదూరం పక్కపక్కనే పారతాయి. 1944లో ఒకదాని మీద కెంటకీ డ్యామ్, 1966లో రెండోదాని మీద బార్క్‌లీ డ్యామ్ పూర్తయ్యాయి. అటో సరస్సు, ఇటో సరస్సు. మధ్యలో దాదాపు 1,70,000 ఎకరాల అడవి. ఆ అడవి నడిమధ్య నుంచి, దక్షిణాన డోవర్ నుంచి ఉత్తరాన గ్రాండ్ రివర్స్ దాకా 43 మైళ్ళ రోడ్డు వెళ్తుంది. దాని పేరు వుడ్‌లాండ్స్ ట్రేస్. అందరూ ట్రేస్ అనే అంటారు. దారిలో హోటల్ లేదు, షాపు లేదు, గ్యాస్ స్టేషన్ (పెట్రోల్ బంకు) లేదు. అడవిని అడవిలా ఉంచాలని అలా వదిలేశారు. చూడ్డానికి వెళ్ళినవాళ్ళకి అంతకన్నా కావలసింది ఏముంది! కారు ఆగిపోయినవాళ్ళకి మాత్రం చాలా కష్టం.

మే నెల చివర్లో అమ్మానాన్నల్ని తీసుకుని నేనూ మా ఆయనా వెళ్ళాం. డోవర్ వైపు నుంచి లోపలికి వెళ్తే ముందు గ్రేట్ వెస్టర్న్ ఫర్నేస్ అని పాత రాతి కొలిమి కనిపిస్తుంది. 1850లలో ఇనుము కరిగించిన కొలిమి అది. బొగ్గు కోసం అప్పట్లో చుట్టుపక్కల చెట్లన్నీ కొట్టేశారట. అంటే ఇప్పుడు మనం చూసే అడవిలో చాలా భాగం ఆ తర్వాత మళ్ళీ పెరిగిందే. ఆ కొలిముల్లో పనిచేసినవాళ్ళలో చాలామంది బానిసలు అన్న సంగతి కూడా అక్కడ నిలబడి తలచుకోవాలి. దగ్గర్లోనే హోమ్‌ప్లేస్ ఉంది, 1850ల నాటి రైతు కుటుంబం ఎలా బతికేదో చూపించే పొలం. మా నాన్న ఒకప్పుడు పొగాకు పండించిన మనిషి. అక్కడి పొగాకు బేరన్ (ఆకు ఆరబెట్టే కొట్టం) దగ్గర నుంచి ఆయన్ని కదిలించడం మా వల్ల కాలేదు. రోడ్డుకి అవతల కంచె లోపల బైసన్లు మేస్తుంటే అమ్మ వాటిని చూస్తూ ఉండిపోయింది.

కెంటకీలోకి దాటాక, రోడ్డు మీద పడి ఉన్న ఇనప ముక్క ఏదో టైరు పక్క గోడని చీల్చేసింది. డిక్కీలో స్టెప్నీ లేదు. ఈమధ్య వచ్చే చాలా కార్లలో ఉండటం లేదు. గాలి కొట్టే మిషన్, జిగురు సీసా ఇస్తున్నారు, అంతే. టైరు నేలకి ఆనే భాగంలో మేకు దిగితే ఆ జిగురు పనిచేస్తుంది, పక్క గోడ చీలితే ఎందుకూ పనికిరాదు. ఫోన్లో సిగ్నల్ లేదు. గుట్ట ఎక్కితే ఒక్క గీత వచ్చింది. రోడ్డు పక్క సహాయం అందించే కంపెనీకి ఫోన్ కలిస్తే, అవతలి మనిషి ఇంటి నంబరు, వీధి పేరు అడుగుతున్నారు. ఆ అడవిలో వీధి పేరు ఎక్కడి నుంచి తేవాలి? ఈలోగా లైన్ కట్ అయింది. నాన్నకి షుగర్, భోజనం వేళ దాటిపోతోంది. నాకు వచ్చిన టెన్షన్ అంతా దాని గురించే.

ఆగి అడిగినవాళ్ళు చాలామందే ఉన్నారు. సైకిల్ మీద వెళ్తున్న ఒకాయన తన నీళ్ళ సీసా ఇచ్చి వెళ్ళారు. ఆయనకీ థాంక్స్. తర్వాత పాత పికప్ ట్రక్కులో డెబ్భై దాటిన దంపతులు వచ్చారు. పెద్దాయన టైరు చూసి, ఒక్క ప్రశ్న కూడా అడక్కుండా, "మీలో ఒకరు నాతో రండి, విజిటర్ సెంటర్‌లో మామూలు ఫోన్ ఉంటుంది" అన్నారు. పెద్దావిడ ట్రక్కులోంచి మడత కుర్చీలు దించి నీడలో, గులకరాళ్ళ మీద వేశారు. అమ్మ గడ్డిలో కూర్చోబోతే చెయ్యి పట్టుకుని ఆపి, పేలలాంటి పురుగులు పట్టుకుంటాయని తన కాలు గిల్లి చూపించారు. మేలో ఆ అడవిలో టిక్స్ బాగా ఉంటాయి. ఆ సంగతి మాకు ఆవిడ చెప్తేనే తెలిసింది. నాన్నకి షుగర్ అనగానే డబ్బా తెరిచి శాండ్‌విచ్, యాపిల్ ముక్కలు చేతిలో పెట్టారు. అది వాళ్ళిద్దరి మధ్యాహ్న భోజనం అని మాకు తర్వాత తెలిసింది.

నేను పెద్దాయనతో వెళ్ళాను. ట్రక్కు వెనకాల గడ్డి కోసే మిషన్, ఆకులు ఊడ్చే దంతెలు, ప్లాస్టిక్ పూలు ఉన్నాయి. తోటపనికి వెళ్తున్నారా అని అడిగాను. అమ్మానాన్నల సమాధులు శుభ్రం చేయడానికి అన్నారు. ఆ అడవిలోనా అని ఆశ్చర్యపోయాను. ఆయన పుట్టిందే అక్కడట.

1963లో అధ్యక్షుడు కెన్నెడీ హయాంలో ఈ చోటుని నేషనల్ రిక్రియేషన్ ఏరియా చేశారు. అప్పటికి ఇక్కడ ఊళ్ళు ఉన్నాయి, బళ్ళు ఉన్నాయి, చర్చిలు, పొలాలు ఉన్నాయి. భూములు టెన్నెసీ వ్యాలీ అథారిటీ అనే ప్రభుత్వ సంస్థ కొనేసింది. అమ్మనన్నవాళ్ళవి చట్టం కింద తీసుకుంది. కొన్ని కుటుంబాలు అంతకుముందే డ్యామ్ కోసం నది ఒడ్డున ఉన్న ఇళ్ళు వదిలి పైకి వచ్చినవి. వాళ్ళు రెండోసారి లేవాల్సి వచ్చింది. గోల్డెన్ పాండ్ అనేది అప్పట్లో ఊరు. ఇప్పుడు ఆ పేరు విజిటర్ సెంటర్‌కి మిగిలింది. ఊళ్ళు పోయినా శ్మశానాలు ఉన్నాయి, 200కి పైనే. 1999లో ఈ అడవి ఫారెస్ట్ సర్వీస్ చేతికి వెళ్ళింది. అంతకుముందు ఏడాది చేసిన చట్టంలోనే, ఈ శ్మశానాలకి కుటుంబాలు వెళ్ళిరావడానికి, బాగు చేసుకోవడానికి, అక్కడ కొత్తగా ఖననం చేసుకోవడానికి కూడా దారి ఉంచాలని రాశారు. మే నెలలో చాలా కుటుంబాలు వచ్చి గడ్డి కోసి, పూలు పెట్టి, కలిసి భోంచేసి వెళ్తాయట. దాన్ని డెకరేషన్ అంటారు.

దారిలో ఒకచోట ట్రక్కు నెమ్మది చేసి, చెట్ల మధ్య గుబురుగా ఉన్న సన్నటి ఆకులు చూపించారు. డాఫోడిల్స్. మార్చిలో పసుపు పూలు పూస్తాయట. అడవిలో అవి వరసగా కనిపిస్తే అక్కడ ఒకప్పుడు ఇంటి వాకిలి ఉండేదని గుర్తు. ఎవరో ఇల్లాలు నాటిన దుంపలు, ఇల్లు పోయి అరవై ఏళ్ళయినా పూస్తూనే ఉన్నాయి. నాకు ఏం మాట్లాడాలో తెలియలేదు. ఇంత పని పెట్టుకుని మా కోసం ఆగారు, క్షమించండి అన్నాను. "మా ఊరికి వచ్చినవాళ్ళు రోడ్డు మీద నిలబడితే నాకు బాగుంటుందా?" అన్నారాయన. మా ఊరు అన్నారు! అక్కడ ఊరే లేదు. తన ఇంటిని తీసేసి వేరేవాళ్ళు తిరగడానికి అడవి చేశారు, ఆ తిరగడానికి వచ్చినవాళ్ళలో మేమూ ఉన్నాం. అయినా ఆ మనిషి మమ్మల్ని తన ఇంటికి వచ్చిన చుట్టాల్లా చూశారు. ఈ మాట చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

గోల్డెన్ పాండ్ విజిటర్ సెంటర్‌లో డెస్క్ దగ్గర ఉన్న అమ్మాయికి కూడా చాలా థాంక్స్. నేను వర్ణించిన మలుపు వినగానే అది ఏ నంబరు అడవి రోడ్డుకి దగ్గరో చెప్పేసింది. ఆగిన కార్లని లాక్కెళ్ళే టో ట్రక్ వాళ్ళతో తనే మాట్లాడి, సరస్సు అవతలి ఊరి నుంచి బండి రప్పించింది. పెద్దాయన వెనక్కి వెళ్ళి అమ్మానాన్నల్ని చల్లగా ఉంటుందని అక్కడికే తీసుకొచ్చారు. అక్కడ ప్లానెటేరియం కూడా ఉంది. నాన్న షో చూసి వచ్చి, టైరు సంగతే మర్చిపోయినట్టు గ్రహాల గురించి మాట్లాడారు. టైరు షాపు ఆయన మా కోసం మూసే వేళ దాటినా ఆగారు, బిగించినందుకు కూలి తీసుకోలేదు.

మీలో ఎవరైనా ట్రేస్ మీద వెళ్తుంటే డోవర్‌లో గానీ గ్రాండ్ రివర్స్‌లో గానీ ట్యాంకు నింపుకోండి. మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. దాటిన ప్రతి అడవి రోడ్డు నంబరు ఎవరో ఒకరు చూస్తూ ఉండండి, సాయం పిలవాలంటే అదే మీ అడ్రస్. పెద్దవాళ్ళు ఉంటే తిండి చేతిలో ఉంచుకోండి. పక్క దారుల్లో శ్మశానం బోర్డు కనపడితే అది ఎవరి అమ్మానాన్నలదో అనుకుని నెమ్మదిగా వెళ్ళండి.

పెద్దాయన మా దగ్గర గ్యాస్ డబ్బులు కూడా తీసుకోలేదు. ఎంత బతిమాలినా వినలేదు. చివరికి, అంతగా ఇవ్వాలనుంటే మా శ్మశానం గడ్డి కోతకి ఇవ్వండి, ఆ ఖర్చు మా కుటుంబాలే చందాలు వేసుకుంటాయి అన్నారు. ఇంటికి రాగానే నాన్న తన దగ్గరున్న డాలర్లు లెక్కపెట్టి నా చేతిలో పెట్టారు. వాటికి మావి కలిపి చెక్కు పంపాం. దాంతోపాటు అమ్మ తెలుగులో రాసిన ఉత్తరం, కింద నేను ఇంగ్లీషులో రాసిన అర్థం. చేరిందని పెద్దావిడ నిన్ననే ఫోన్ చేసి చెప్పారు.