ముందు పేరు, ఆ తరువాతే పువ్వు: విశ్వావసు నామ సంవత్సర వార్షిక నివేదిక

జ్ఞాపకాల పుస్తకాలు, దస్తూరి సాధన చేసే మన సంఘ సభ్యులందరికీ నమస్కారం.

కిందటి ఉగాదికి మనం పెట్టిన ప్రదర్శనలో ఒక జ్ఞాపకాల పుస్తకం దగ్గర అందరూ ఆగారు. పేజీ అంచులకు పాత వెంకటగిరి చీర జరీ, మూలల్లో ఎండబెట్టిన కనకాంబరాలు, మధ్యలో ఒక నలుపు తెలుపు ఫోటో. మైపాడు సముద్రపు ఒడ్డున ఐదుగురు ఆడవాళ్లు, గాలికి ఎగిరే కొంగులను పట్టుకుని నవ్వుతున్నారు. చూడవచ్చిన పెద్దావిడ ఒకరు "మధ్యలో ఉన్నది ఎవరమ్మా?" అని అడిగారు. "మా నాయనమ్మ" అంది పుస్తకం చేసిన అమ్మాయి. "మిగతా నలుగురూ?" అమ్మాయి దగ్గర జవాబు లేదు. చెప్పగలిగిన నాయనమ్మ అంతకు కొద్ది నెలల ముందే కాలం చేశారు.

ఆ సాయంత్రమే సర్వసభ్య సమావేశంలో ఒక తీర్మానం చేసుకున్నాం. పేజీలో ముందు పేరు రాయాలి, ఆ తరువాతే పువ్వు అంటించాలి. ఈ ఏడాది మన సంఘం చేసిన పనంతా ఆ ఒక్క వాక్యం చుట్టూనే తిరిగింది. అందుకే ఈ నివేదికను నెలల వారీగా కాకుండా, పని నడిచిన వరసలో రాస్తున్నాను.

శాసనం చూపిన దారి

పేరు రాయాలి సరే, పక్కన ఇంకేం రాయాలి, ఎంత రాయాలి? మొదటి సమావేశంలోనే ఈ ప్రశ్న వచ్చింది. జవాబు మన నేలలోనే దొరికింది. నెల్లూరు జిల్లాలోని రాతి శాసనాలను, రాగి రేకులను సేకరించి 1905లో మద్రాసులో మూడు సంపుటాలుగా అచ్చు వేశారు. ఆనాడు కందుకూరు, కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాలు నెల్లూరు జిల్లాలోనే ఉండేవి. ఇప్పటి ప్రకాశం వైపు నుంచి వచ్చే మన సభ్యులకు కూడా అది సొంత ఊరి సంగతే.

దాన శాసనాల్లో చాలా వాటికి ఒక పద్ధతి ఉంటుంది. "స్వస్తిశ్రీ" అని మొదలుపెట్టి శకవర్షం, మాసం, తిథి, వారం చెబుతారు. తరువాత ఇచ్చినవారు ఎవరు, పుచ్చుకున్నవారు ఎవరు, ఇచ్చింది ఏమిటి, దాని ఎల్లలు ఏవి అన్నది వస్తుంది. ఆచంద్రార్కం, అంటే సూర్యచంద్రులు ఉన్నంత కాలం, నిలవాలన్న కోరిక చివర ఉంటుంది. రాతి మీద ఉలితో చెక్కేవారు అక్కరలేని మాట ఒక్కటీ పెట్టరు. మనమూ అదే పాటించాం. ఎప్పుడు, ఎక్కడ, ఎవరు, ఏ సందర్భం అన్న నాలుగూ ప్రతి పేజీలో ఉండాలి. తెలియకపోతే ఆ చోట గీత గీసి ఖాళీగా వదలాలి తప్ప ఊహించి నింపకూడదు.

సంవత్సరం రాబట్టడమే అన్నిటికన్నా కష్టమైంది. పెద్దవాళ్లను "ఏ సంవత్సరం?" అని అడిగితే గుర్తు రాదు. "దివిసీమ ఉప్పెనకు ముందా, తరువాతా?" అని అడిగితే వెంటనే చెబుతారు. ఉప్పెన వచ్చింది 1977 నవంబరులో కాబట్టి అక్కడి నుంచి లెక్క కట్టుకోవచ్చు. ఒక సభ్యురాలు వాళ్ల తాతగారి పాత పంచాంగాలు తీసి చూస్తే, అంచుల్లో పిల్లల పుట్టిన ఘడియలు, బావి తవ్విన రోజు, గేదె ఈనిన రోజు కూడా ఉన్నాయి. దినచర్య రాయడం మన ఇళ్లకు కొత్తేమీ కాదు. పంచాంగం అంచున, పద్దు పుస్తకంలో, క్యాలెండరులో పాల లెక్క పక్కన మన పెద్దలు రాస్తూనే ఉన్నారు. దాన్ని రాత అని మనం ఇన్నాళ్లూ గుర్తించలేదు.

తడిసిన ఆల్బమ్

2021 నవంబరులో పెన్నకు వరద వచ్చినప్పుడు చాలా ఇళ్లలో బియ్యం, బట్టలు, పరుపులు పోయాయి. అవన్నీ మళ్లీ కొనుక్కున్నారు. ఆల్బములు మాత్రం దొరకవు. నది ఒడ్డున ఉండే ఒక కుటుంబం ఆనాడు తడిసిన పెళ్లి ఆల్బమ్‌ను పారేయలేక, తెరవడానికి ధైర్యం చాలక, గుడ్డలో చుట్టి అటక మీద పెట్టుకుంది. ఈ ఏడాది ఆ మూటను మన దగ్గరికి తెచ్చారు. ఇటుకలా గట్టిపడి ఉంది.

మేము తొందరపడలేదు. ముందు అన్ని వైపుల నుంచీ ఫోటోలు తీశాం. స్టూడియోలో కడిగించిన పాత ఫోటో కాగితానికి జెలటిన్ పొర ఉంటుంది. అది తడిసి ఆరితే జిగురులా పక్క ఫోటోను పట్టుకుంటుంది, మళ్లీ నీటిలో నానితే ఒక్కోసారి వదులుతుంది. వెడల్పు పళ్లెంలో శుభ్రమైన చల్లని నీరు పోసి, ఒక్కొక్క కట్టను అందులో ఉంచి, దానంతట అది విడిచే దాకా కాచుకున్నాం. వేలితో లాగలేదు. విడిన ఫోటోను మరో పళ్లెంలో కడిగి, ముఖం పైకి ఉండేలా అద్దుడు కాగితం మీద నీడలో ఆరబెట్టాం. ఎండలో పెడితే చుట్టుకుపోతుంది, ఇస్త్రీపెట్టె తగిలితే కరిగిపోతుంది. బూజు తినేసిన చోట ముఖాలు తిరిగి రాలేదు. తలంబ్రాల ఫోటోలో పెళ్లికొడుకు చేతులు, వాటి నుంచి జారుతున్న బియ్యం మాత్రమే మిగిలాయి. ఆ ఫోటోను ఆ ఇంటి అమ్మగారు అరచేతిలో పెట్టుకుని చాలాసేపు కూర్చున్నారు. ఆ చేతులు ఎవరివో ఇప్పుడు ఆమె తన చేత్తోనే పక్కన రాశారు.

మళ్లీ వరద రాకూడదనే కోరుకుందాం. వస్తే మాత్రం ఇది గుర్తుంచుకోండి. ఫోటోలు తడిసిన రెండు రోజుల్లోపే చూసుకోవాలి. ఒకదానికొకటి అంటుకుని ఆరిపోనివ్వకూడదు. వెంటనే విడదీసే వీలు లేకపోతే, వాటి మధ్య పలుచని ప్లాస్టిక్ కాగితం పెట్టి సంచిలో చుట్టి ఫ్రిజ్ పై అరలో గడ్డకట్టించవచ్చు, తీరికగా తరువాత విడదీసుకోవచ్చు. ఇంట్లోని ఇంక్‌జెట్ ప్రింటరులో తీసిన బొమ్మలను మాత్రం నీటిలో ముంచకండి, రంగు మొత్తం దిగిపోతుంది. అద్దానికి అంటుకున్న ఫోటోను లాగకుండా అద్దంతో పాటే స్కాన్ చేయించుకోండి.

మన వల్ల జరిగిన నష్టం

ఒక సంగతి దాచకుండా చెప్పాలి. ఒక సభ్యుడు చనిపోయిన తన తండ్రితో కలిసి చేసిన చివరి ప్రయాణపు బస్సు టికెట్టు తెచ్చారు. వెలిసిపోకుండా ఉంటుందని లామినేషన్ చేయించమని సలహా ఇచ్చింది నేనే. ఇప్పటి టికెట్లు, బిల్లులు వేడి తగిలితే నల్లబడే పూత ఉన్న కాగితం మీద ముద్రిస్తారు. యంత్రంలో నుంచి వచ్చేసరికి టికెట్టు మొత్తం నల్లగా మారిపోయింది. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. ఆ బాధ నాకు ఇంకా తగ్గలేదు.

ఇలాంటి కాగితం దానంతట అదే కూడా కొంతకాలానికి వెలిసిపోతుంది. టికెట్టు చేతికి వచ్చిన వారంలోనే జిరాక్స్ తీసి, ఆ నకలును పేజీకి అంటించండి. అసలును కవరులో విడిగా ఉంచండి.

జిగురు గురించి కూడా రెండు మాటలు. సెలోఫేన్ టేపు కొన్నాళ్లకు పసుపు మరకగా మారి ఫోటోలోకి దిగుతుంది. అంటుకునే పేజీలున్న పాత ఆల్బముల నుంచి ఫోటోలను వీలైనంత త్వరగా తీసేయండి. ఫోటో వెనుక ఏమీ పూయకుండా, నాలుగు మూలలకు కాగితపు జేబులు మడిచి అందులో దూర్చడమే మేలు. మడతలు పదునుగా రావడానికి ఉదయగిరి చెక్క గరిటె కాడ చాలా బాగా పనికొస్తుందని మన సభ్యురాలు ఒకరు చూపించారు. ఇప్పుడు అందరి సంచుల్లోనూ ఒక గరిటె ఉంది.

దస్తూరి

ఈ ఏడాది ఎక్కువ మందిని రప్పించినవి అక్షరాల తరగతులు. ట్రంకు రోడ్డు దుకాణాలకు ఫ్లెక్సీలు రాక ముందు చేత్తో బోర్డులు రాసిన పెద్దాయన ఒకరు మన కోరిక మన్నించి వచ్చారు. ఆయన కుంచె పట్టక చాలా ఏళ్లయిందట. నల్లబల్ల ముందు నిలబడి నూలు దారానికి సుద్దపొడి పట్టించి, రెండు కొసలూ మమ్మల్ని పట్టుకోమని, మధ్యలో వేలితో లాగి వదిలారు. బల్ల మీద సన్నని తెల్లటి గీత పడింది. అలా మూడు గీతలు వేశాక "లక్ష్మి" అని రాశారు.

"అక్షరం ఎంత ఎత్తు ఉందో దాని కింద అంత ఖాళీ ముందే వదిలిపెట్టాలమ్మా. వత్తుకు చోటు చూసుకున్నాకే అక్షరం" అన్నారు. గీతల నోటుపుస్తకంలో మన రాత ఇరుకుగా ఎందుకు కనిపిస్తుందో అప్పుడు అర్థమైంది. పై వరసలోని వత్తు, కింది వరసలోని గుడి ఒకే చోటి కోసం పోటీ పడతాయి. అప్పటి నుంచి ఒక గీత వదిలి ఒక గీత మీద రాస్తున్నాం.

ఆయన చేతిని దగ్గరగా చూశాను. మరో పదంలో "స" మలుపు దగ్గర మణికట్టు కదలలేదు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చదును కుంచె మెల్లగా తిరిగింది, గీత లావు నుంచి సన్నానికి జారింది. పదమంతా అయ్యాక తలకట్లన్నీ ఒకే ఊపులో పెట్టారు. ఇంగ్లీషు అక్షర కళ నేర్పేవారు కిందికి వచ్చే గీత లావు, పైకి వెళ్లేది సన్నం అంటారు. గుండ్రని మన అక్షరాలకు ఆ ఒక్క సూత్రం చాలదు. మనకు బాపు దస్తూరి ఎంత ప్రీతో మీకు తెలుసు, శుభలేఖల మీద ఇప్పటికీ ఆ అక్షరాలే. అయితే తరగతిలో ఎవరినీ ఆ రాతకు నకలు దిద్దవద్దన్నాం. మీ మనవరాలు ముప్పై ఏళ్ల తరువాత చూడవలసింది మీ దస్తూరిని.

ఏ సిరాతో రాయాలి అన్నదానికి ఒక పరీక్ష చేశాం. ఒకే వాక్యాన్ని నాలుగు రకాలుగా రాసి, ఎండ పడే కిటికీ అద్దానికి రెండు నెలలు అంటించి ఉంచాం. ఆ తరువాత నీటి చుక్కలు వేశాం. ఫౌంటెన్ పెన్ను నీలం సిరా వెలిసి, చుక్క పడగానే పారింది. మసి కలిసిన నల్ల ఇండియన్ ఇంకు, మామూలు పెన్సిలు మాత్రం చెక్కుచెదరలేదు. పాత ఫోటో వెనుక మెత్తని పెన్సిలుతో, నొక్కకుండా రాయండి. ఇప్పటి నున్నని రంగుల ఫోటోల మీద పెన్సిలు పట్టదు కాబట్టి పేజీలోనే రాయండి.

పండుగలు, ఉత్తరాలు

రొట్టెల పండుగ పేజీలు ఈ ఏడాది మన గర్వకారణం. నెల్లూరు స్వర్ణాల చెరువులో చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె అని కోరిక కొద్దీ పుచ్చుకుంటారు, తీరితే మరో ఏడు వచ్చి అదే రొట్టె వేరొకరికి ఇస్తారు. ఒక సభ్యురాలు తను సంతాన రొట్టె పుచ్చుకున్న ఏటి పేజీనీ, బిడ్డను చంకన వేసుకుని వచ్చి రొట్టె ఇచ్చిన ఏటి పేజీనీ ఎదురెదురుగా పెట్టారు. పూలు లేవు, జరీ లేదు. తనకు రొట్టె ఇచ్చిన అపరిచితురాలి పేరు అడగనందుకు ఆమె బాధపడుతూ, ఆ చోట గీత గీసి వదిలారు.

పాత ఉత్తరాల పని మందకొడిగా సాగింది. గొలుసుకట్టు రాత చదవగలిగినవారు మన సంఘంలో ఇద్దరే ఉన్నారు, ఇద్దరికీ చూపు మందగిస్తోంది. "ఉభయకుశలోపరి" దాకా అందరమూ పోల్చుకుంటాం, ఆ తరువాత అక్షరాలు కలిసిపోయి దారి తప్పుతాం. వారి పక్కన కూర్చుని నేర్చుకునే పిల్లలు కావాలి. వచ్చే ఏడాదికి నా మొదటి విన్నపం ఇదే.

వేసవిలో పిల్లలకు మార్కాపురం పలకల మీద బలపంతో అక్షరాలు దిద్దించాం. సంతోషంగా గడిచింది. తప్పు రాస్తే తుడిచేయవచ్చు కాబట్టి వాళ్ల చేతికి భయం లేదు.

జమాఖర్చులు, రాబోయే పని

లెక్కల పట్టిక విడిగా జతపరిచాం. ఖర్చులో పెద్ద భాగం త్వరగా పసుపు పడకుండా ఉండే, ఆమ్లం లేని కాగితానికే అయింది. అలంకరణ సామగ్రికి ఈసారి సంఘం డబ్బు వాడలేదు. ఇంటింటికీ వెళ్లి పెద్దవాళ్ల చేత ఫోటోల పేర్లు చెప్పించే పని అనుకున్నంత జరగలేదు. వెళ్లడానికి మనుషులు చాలలేదు, అందులో నా లోపం కూడా ఉంది. ఇకపై ప్రతి రెండో ఆదివారం ఇద్దరిద్దరుగా వెళ్లాలని కార్యవర్గం నిర్ణయించింది. పేరు ఇవ్వదలచినవారు సమావేశం ముగిసేలోగా ఇవ్వండి.

మైపాడు ఫోటో గురించి. పాత ఉత్తరాల కట్టలో ఒక కార్డు ఆధారంగా నలుగురిలో ఇద్దరి పేర్లు దొరికాయి. ఆ అమ్మాయి వాటిని నల్ల సిరాతో రాసింది, మిగతా ఇద్దరి కింద గీతలు ఉంచింది. ఇంకా పేరు తెలియని ఆ ఇద్దరూ ఎడమ చివర పొడుగు జడ ఆవిడ, కుడి చివర కళ్లద్దాల ఆవిడ. ఫోటో నకలు మన గది తలుపు పక్కన ఉంది. మైపాడు ఉన్న ఇందుకూరుపేట వైపు బంధువులున్నవారు మీ ఇంట్లోని పెద్దవాళ్లను ఒకసారి తీసుకొచ్చి చూపించండి. నడవలేని స్థితిలో ఉంటే కబురు చేయండి, ఫోటో పట్టుకుని మేమే వస్తాం.

ఇట్లు,
కార్యదర్శి