చిన్నికి అమ్మ ఉత్తరం

చిన్నీ,

ఇక్కడ అందరం బాగున్నాం. నాన్న మోకాలి నొప్పి కాస్త తగ్గింది. అత్తయ్య పంపిన గోంగూర పచ్చడిలో నీ వాటా తీసి పెట్టాను. నువ్వు ఫోన్ చేసి చాలా రోజులైంది, పిల్లల పరీక్షల హడావిడేమో అనుకున్నాను.

మొన్న పిన్ని చెప్పింది, డాలస్‌లో షాపు బిల్డింగ్ ఇచ్చేసి పెద్దది తీసుకుంటున్నావట. అమెరికా పన్ను చట్టంలో ఒక ఆస్తి ఇచ్చి ఇంకో ఆస్తి తీసుకునే 1031 ఎక్స్ఛేంజ్ కాబట్టి పైసా పన్ను లేదన్నావట. మంచిదే, నేనేం అడ్డు చెప్పను. రాత్రిళ్లు మేలుకుని లెక్కలు చూడకు, నీకసలే తలనొప్పి.

అయినా ఒక మాట. పన్ను పోదు నాన్నా, వాయిదా పడుతుంది. ఇప్పుడు పన్ను పడని లాభమంతా కొత్త బిల్డింగ్ బేసిస్‌ని, అంటే పన్ను లెక్కల్లో ఆస్తి ఖరీదుగా రాసుకునే అంకెని, తగ్గించి అక్కడే కూర్చుంటుంది. చిన్న బాబాయి గొడవ జరిగినప్పుడు నువ్వు కాలేజీలో ఉన్నావు. ఆ గోడౌన్ 3 లక్షల డాలర్లకి కొన్నాడు. ఏటా డిప్రిసియేషన్, అంటే ఆ బేసిస్ మీద లెక్కకట్టే అరుగుదల తగ్గింపు, తీసుకుంటూ వస్తే బేసిస్ 2 లక్షలకి దిగింది. దాని ధర 5 లక్షలైనప్పుడు ఎక్స్ఛేంజ్‌లో పెట్టి, 4 లక్షల 60 వేల షాపు, చేతికి 40 వేలు తీసుకున్నాడు. అప్పేమీ లేదు. ఆ 40 వేల మీద పన్ను ఆ ఏడే కట్టాడు, అంతవరకు బాగానే ఉంది. షాపు బేసిస్ మాత్రం 4 లక్షల 60 వేలని రాసేసుకున్నాడు! పన్ను శాఖ నోటీసు వచ్చాక మా వంటింటి బల్ల దగ్గర కూర్చోబెట్టి చూపించాను. పాత బేసిస్ 2 లక్షలు, చేతికొచ్చిన 40 వేలు తీసెయ్, పన్ను కట్టిన లాభం 40 వేలు కలుపు, మళ్లీ 2 లక్షలే. “అంత విలువైన షాపు కదా వదినా” అంటాడే తప్ప ఒప్పుకోడు. అన్నేళ్లు ఎక్కువ తీసుకున్న డిప్రిసియేషన్‌కి చివరికి వడ్డీతో సహా కట్టాడు.

నీకైతే లోన్ కూడా ఉంది. కొత్త లోన్ పాతదానికంటే తక్కువై, ఆ తేడా నువ్వు సొంత డబ్బుతో పూడ్చకపోతే, అదీ చేతికొచ్చిన డబ్బు కిందే లెక్క. అమ్మిన డబ్బు ఒక్క రోజు కూడా నీ అకౌంట్లోకి రానివ్వకు, మధ్యలో ఆ డబ్బు పట్టి ఉంచే ఇంటర్మీడియరీ దగ్గరే ఉండాలి. అమ్మిన రోజు నుంచి, కొనేదేదో 45 రోజుల్లో రాసివ్వాలి, 180 రోజుల్లో క్లోజింగ్, అంటే కొనడం పూర్తిగా అయిపోవాలి. ఈలోపే టాక్స్ రిటర్న్ గడువు వచ్చేస్తే ఎక్స్‌టెన్షన్ తీసుకో. షాపులో ఫ్రిజ్‌లు, మిషన్లు ఇందులోకి రావు, 2018 నుంచి స్థలాలకీ కట్టడాలకే. హైదరాబాద్‌లో కొండాపూర్ ఫ్లాట్ కూడా చూడమన్నావట, దాన్ని దీంతో కలపకు. అమెరికా ఆస్తికి అమెరికా ఆస్తే సరిపోతుంది.

లెక్చర్ ఇవ్వకూడదనుకున్నాను, చూడు.

నీ మొదటి క్లోజింగ్ పేపర్లు, కొత్త రూఫ్ వేయించిన బిల్లులు మా గరాజ్‌లో నీలం డబ్బాలో ఉన్నాయి. రూఫ్ ఖర్చు కూడా బేసిస్‌లో కలుస్తుంది, మర్చిపోకు. ఈ ఎక్స్ఛేంజ్ చూపించే ఫారం 8824 నింపేటప్పుడు మీ అకౌంటెంట్ సీపీఏ ఇవన్నీ అడుగుతాడు. కొరియర్ చేయమంటావా, నువ్వే వచ్చి తీసుకెళ్తావా? వస్తే పచ్చడి కూడా ఇస్తాను. వేళకి తిను, ఆదివారం ఫోన్ చెయ్యి.

అమ్మ