కాలిఫోర్నియా శాంటా రోజాలో ఉన్న సుధకు

గుంటూరు

చి. సుధకు నాన్న ఆశీస్సులు.

ఇక్కడ మేమిద్దరం క్షేమం. అమ్మకి మోకాలి నొప్పి తగ్గుముఖం పట్టింది, పొద్దున్నే నాతో పాటు వాకింగ్‌కి వస్తోంది. మేడ మీద నీళ్ళ ట్యాంకు మార్పించాను. పక్కింటివాళ్ళు ఇల్లు అపార్ట్‌మెంటుకి ఇచ్చేసి వేపచెట్టు కొట్టించారు, దాంతో అమ్మ వాళ్ళతో మాట మానేసింది. ప్రత్యేకించి రాయాల్సిన విషయమేమీ లేదు. ఫోన్లో అయితే నువ్వు "బాగానే ఉన్నా నాన్నా, మీటింగ్ ఉంది" అని పెట్టేస్తున్నావు. ఆదివారం వీడియో కాల్ కూడా ఈమధ్య లేదు. మెసేజ్ పెడితే బొటనవేలు బొమ్మ ఒకటి వస్తోంది. కాగితం మీద రాస్తే తీరిగ్గా చదువుతావని కూర్చున్నాను.

మీ దగ్గర వైన్ ద్రాక్ష కోతలు ఈపాటికి ముగింపుకొచ్చి ఉంటాయి. మేం వచ్చినప్పుడు చూసినవి ఇప్పటికీ అమ్మా నేనూ చెప్పుకుంటూ ఉంటాం. రాత్రిపూట తలకి దీపాలు కట్టుకుని మెక్సికో కూలీలు గుత్తులు కోస్తుంటే నేను కారు ఆపించి మరీ చూశాను. చల్లదనంలో కోస్తే పండు గట్టిగా ఉంటుందని, ఎండపూట కోస్తే డబ్బాల్లోనే పులియడం మొదలవుతుందని నువ్వే చెప్పావు. మనకి కల్లంలో ఎండ కావాలి, వాళ్ళకి తోటలో చలి కావాలి. ఎండాకాలమంతా చుక్క వాన ఉండదు, అయినా పొద్దున లేచేసరికి పెటలూమా దగ్గర కొండల సందులోంచి సముద్రపు పొగమంచు వచ్చి ఊరంతా కప్పేసి ఉండేది. మధ్యాహ్నానికి విడిపోయి ఎండ కాసేది, రాత్రికి మళ్ళీ స్వెట్టర్ కావాల్సి వచ్చేది. ఆ వేడీ చలీ వల్లే పండులో తీపితో పాటు పులుపు కూడా నిలుస్తుందట. స్వెట్టరంటే గుర్తొచ్చింది, అమ్మ కొన్న మెరూన్ రంగుది వేసుకుంటున్నావా? నీకు చలి మొదలవగానే దగ్గు పట్టుకుంటుంది. కిటికీ తీసి పడుకోకు.

కంపెనీలో పని ఎలా ఉంది? ఊరికే అడుగుతున్నాను.

మీ ఊరు నాకు నచ్చింది. రెండు లక్షల లోపు జనం, గుంటూరులో మూడోవంతు కూడా ఉండరు. రోడ్డు మీద ముక్కూ మొహం తెలియనివాళ్ళు కూడా గుడ్ మార్నింగ్ చెప్తారు. కానీ మనవాళ్ళంతా ఫ్రీమాంట్, శాన్‌హోసే వైపు ఉంటే నువ్వొక్కదానివే ఆ కొసన ఉండటం అమ్మకి మొదటినుంచీ దిగులే. జ్వరమొస్తే గ్లాసెడు చారు కాచి ఇచ్చే మనిషి ఉండాలి కదా. లివర్‌మోర్ శివవిష్ణు ఆలయానికైనా నెలకోసారి వెళ్ళమన్నాం. దేవుడి సంగతి ఎలా ఉన్నా అక్కడ తెలుగు మాట వినిపిస్తుంది, భోజనం దొరుకుతుంది. వెళ్తున్నావా?

నువ్వు చూపించినవాటిల్లో నా మనసులో నిలిచిపోయింది లూథర్ బర్‌బాంక్ గారి ఇల్లు, తోట. మసాచుసెట్స్‌లో తాను తీసిన బంగాళదుంప రకం హక్కులు 150 డాలర్లకి అమ్ముకుని 1875లో ఆ ఊరికి వచ్చాడు, అప్పటికి ఆయనకి 26 ఏళ్ళు. నీకంటే చిన్నవాడు. తర్వాత యాభై ఏళ్ళు అక్కడే ఉండి ఎనిమిది వందలకి పైగా కొత్త రకాలు తీశాడు. మీ ఊరి పేరు పెట్టిన ప్లమ్ పండు ఆయనదే, ముళ్ళు లేని నాగజెముడు ఆయనదే. మన లాం వ్యవసాయ పరిశోధన ఫారంలో మిరప రకాలు తీసేవాళ్ళని చిన్నప్పటినుంచీ చూసినవాణ్ణి కాబట్టి నాకు ఆ పని విలువ తెలుసు. ఒక్క రకం నిలబడాలంటే వేల మొక్కలు పీకి పారేస్తారు. ఏడాదంతా చేసింది పనికిరాలేదని ఎవరూ తలుపు వేసుకుని కూర్చోరు.

మొన్న తెనాలిలో పెళ్ళికి వెళ్ళాం. వంకాయ కూర బాగుంది, పులిహోరలో ఇంగువ ఎక్కువైంది. నీ ఈడు పిల్లలంతా వచ్చారు, నువ్వు రాలేదేమని అందరూ అడిగారు. సుజాత పిన్ని కొడుకు శ్రీకాంత్ చేతులు కడుక్కునే చోట నా పక్కన నిలబడి, "సుధ వాళ్ళ కంపెనీలో చాలామందిని తీసేశారంట కదా పెదనాన్నా, తను ఏదో వైనరీలో వచ్చినవాళ్ళకి గ్లాసుల్లో పోస్తోందంట, మా ఫ్రెండ్ చూశాడంట" అన్నాడు. వాడి మాటలో చెడు లేదు, జాలిగానే అన్నాడు. నాకు తెలిసినట్టే తలూపి ఊరుకున్నాను. అమ్మ వెనకే ఉంది, విన్నది. బస్సులో నోరు విప్పలేదు.

నీ నోట వినకుండా నేను ఏదీ నమ్మను. కానీ విన్నాక నాలుగు చోట్ల అడిగి తెలుసుకున్నాను. హెచ్1బీ ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్ళకి ఉద్యోగం పోతే 60 రోజుల దాకా గడువు ఉంటుందట. ఆలోగా ఇంకో కంపెనీ పిటిషన్ వేయాలి, లేదా స్టేటస్ మార్చుకోవడానికి దరఖాస్తు పెట్టుకోవాలి, లేదా బయల్దేరాలి. ఆ వీసా మీద ఉండి ఇంకో చోట జీతానికి పని చేస్తే పెద్ద చిక్కు. సరదాకి చేసినా, స్నేహితుల కోసం చేసినా ముందు లాయరుని అడుగు. తేదీలన్నీ కాగితం మీద రాసుకుని ఫ్రిజ్‌కి అంటించు. ఆఫీసు ఇచ్చిన ఉత్తరాలు, పే స్లిప్పులు అన్నీ ఒక ఫైల్లో పెట్టు, పోయిన తర్వాత వెతకడం కష్టం. నీకు ఇవన్నీ తెలుసు. తెలిసినవాళ్ళే టెన్షన్‌లో మర్చిపోతారు.

ఇక గ్లాసుల సంగతి. మన ఇంట్లో ఆ సీసా ఏం చేసిందో నీకు కొత్తగా చెప్పక్కర్లేదు. రాంబాబు మావయ్య పేరు ఎత్తితే అమ్మ ఇప్పటికీ లేచి వంటింట్లోకి వెళ్ళిపోతుంది. 1995 జనవరిలో రామారావు గారు మద్యనిషేధం పెట్టినప్పుడు అమ్మమ్మ గుమ్మంలో దీపం పెట్టింది, రెండేళ్ళకే 1997లో దాన్ని ఎత్తేసినప్పుడు అన్నం ముట్టలేదు. అలాంటి ఇంట్లోంచి వెళ్ళిన పిల్లవి. మీ ఊళ్ళో అది వేరే పని అని నాకు తెలుసు, చూశాను కదా. అడుగున కాస్త పోసి, ఏ కొండవాలులో పండిందో చెప్పి, మింగకపోయినా ఫర్వాలేదు ఉమ్మేయమని పక్కన పాత్ర పెడతారు. అక్కడ చదువుకున్నవాళ్ళు గౌరవంగా చేసుకునే పని. అయినా నీ చేతిలో సీసా అని విన్న రాత్రి అమ్మకి నిద్ర లేదు. నువ్వే ఒక మాట చెప్తే పడుకుంటుంది.

తాతయ్య సంగతి ఒకటి నీకు ఎప్పుడూ పూర్తిగా చెప్పలేదు. 1990లో ఆయన మిరపకాయలు అమ్మకుండా ఆపాడు. ఏప్రిల్లో రేటు తక్కువగా ఉందని, వర్షాలు పడేలోగా పెరుగుతుందని గుంటూరు మిర్చి యార్డు దగ్గర ఒక గోడౌను అద్దెకి తీసుకుని టిక్కీ బస్తాలన్నీ అందులో వేయించాడు. నానమ్మ వద్దంది. మే నెలలో ఆ పెద్ద తుఫాను వచ్చింది. మచిలీపట్నం వైపు ఎంతమంది పోయారో నీకు తెలుసు, మనకి ప్రాణనష్టం లేదు కానీ వాన మాత్రం వదల్లేదు. గోడౌను రేకులు లేచిపోయాయి. కింద వరస టిక్కీలు నీళ్ళలో నానాయి, పై వరసలు తడిసి ఆవిరెత్తాయి. విప్పి చూస్తే బూజు. తేజ లాంటి మిరప రకాలు అప్పుడు లేవు, ఉన్న మంచి కాయంతా రంగు పోయిన నాసి తాలు కింద పోయింది. కమీషన్ కొట్టులో అప్పటికే పెట్టుబడికి తెచ్చిన అప్పు ఉంది.

తాతయ్య ఇంటికి రాలేదు. ఊరివాళ్ళు ఎవరు కనిపించినా "రేటు కోసం చూస్తున్నాడని చెప్పు" అని కబురు పంపేవాడు. నానమ్మ రోజూ సాయంత్రం బస్సు దగ్గరికి వెళ్ళి దిగినవాళ్ళని అడిగేది. నేను అప్పుడు నరసరావుపేటలో ఉద్యోగంలో ఉన్నాను, నాకూ తెలియనివ్వలేదు. చివరికి ఆవిడే కేరియర్ కట్టుకుని, జీవితంలో ఒంటరిగా గుంటూరు రాని మనిషి, యార్డుకి వచ్చింది. అడిగినవాళ్ళనీ అడగనివాళ్ళనీ అడిగి ఆ కొట్టు పట్టుకుంది. తాతయ్య అరుగు మీద ఖాళీ గోతాల మీద పడుకుని ఉన్నాడు. గడ్డం మాసి, కట్టుకున్న పంచె ఎర్రగా కారం పట్టి ఉందట. లేపింది. కేరియర్ విప్పి పప్పూ గోంగూర పచ్చడీ కలిపి పెట్టింది. తిన్నంతసేపూ ఏమీ అడగలేదు. చేయి కడుక్కున్నాక "ఎంత పోయింది?" అంది. ఆయన చెప్పాడు. "సరే, బస్సుకి టైమైంది" అంది. అంతే. ఆ ఏడు గేదెని అమ్మారు, ఎకరంన్నర కౌలుకి ఇచ్చారు, అప్పు తీరడానికి చాలా పంటలు పట్టింది. అప్పు గురించి నానమ్మ ఒక్కనాడూ ఎత్తిపొడవలేదు. కబురు చేయలేదన్న సంగతి మాత్రం పోయేదాకా అంటూనే ఉండేది.

నీకు ఇది ఎందుకు రాశానో నీకే తెలుసు.

2025 ఫిబ్రవరిలో ఇక్కడ మిర్చి ఎంత పడిపోయిందో పేపర్లో చూసే ఉంటావు. చివరికి కేంద్రం క్వింటాకి 11,781 రూపాయల ధర కట్టి జోక్యం చేసుకోవాల్సి వచ్చింది, అంతకు రెండేళ్ళ ముందు అదే కాయ ఇరవై వేలు దాటింది. మీ దగ్గరా అంతే కదా. 2024లో వైన్ తాగేవాళ్ళు తగ్గి, కొనేవాళ్ళు లేక ద్రాక్షని కోయకుండా తీగల మీదే వదిలేశారని విన్నాను. ఆ రైతులు పని చేతకానివాళ్ళా? కంపెనీ మనుషుల్ని తీసేసినా అంతే. నీ చదువు, నీ చేతిలో పని ఎక్కడికీ పోవు.

అక్టోబరు అంటే నాకు ఇంకో భయం. 2017 అక్టోబరు 8 రాత్రి కాలిస్టోగా దగ్గర అంటుకున్న మంట తెల్లారేలోగా మీ ఊళ్ళోకి వచ్చింది. ఆరు వరసల హైవే దాటి కాఫీ పార్క్ కాలనీని బూడిద చేసింది, ఆ ఒక్క మంటలోనే 22 మంది పోయారు. ఈశాన్యం నుంచి పొడిగాలి వీస్తుందని చెప్తే ఆ రాత్రి ఫోన్ సైలెంట్‌లో పెట్టకు. పాస్‌పోర్టు, సర్టిఫికెట్లు, మందులు ఒక బ్యాగులో తలుపు దగ్గరే ఉంచు. కారులో పెట్రోలు సగానికి తగ్గనివ్వకు. ముందు జాగ్రత్తగా కరెంటు తీసేస్తారు కాబట్టి టార్చిలైటు, పవర్ బ్యాంకు దగ్గర పెట్టుకో. పొగ వస్తే ఆ మంచి మాస్కులు వాడు, గుడ్డవి పనికిరావు.

డబ్బు సంగతి. బ్యాంకులో వేసిన ఎఫ్.డి. ఒకటి వచ్చే నెల తీరుతుంది. దాన్ని మళ్ళీ వేయకుండా ఉంచుతున్నాను. అద్దెకి కావాలన్నా, లాయరుకి కావాలన్నా, టికెట్‌కి కావాలన్నా నీదే. ఇక్కడికి వచ్చి కొన్నాళ్ళు ఉండి మళ్ళీ వెతుక్కుంటానన్నా నీ గది అలాగే ఉంది. ఏసీ సర్వీసింగ్ చేయించాను, ఎందుకు చేయించావని అమ్మ అడగలేదు.

నీకు రాత్రి తొమ్మిదైతే మాకు పొద్దున తొమ్మిదిన్నర. నవంబరులో మీ గడియారం మారాక పదిన్నర. ఆ టైముకి నేను ఇంట్లోనే ఉంటాను, ఎటూ వెళ్ళను. వీడియో అక్కర్లేదు, మామూలు కాల్ చాలు. అమ్మ పక్కనుందని మొహమాటపడితే ముందు నాకు చెప్పు.

ఇట్లు,
నాన్న

అమ్మ రాయమంటోంది: పార్సెల్ శనివారం వేస్తున్నాం. కారం తేజా, బాడిగా కలిపి పట్టించింది, అంచేత రంగు చూసి ఎక్కువ వేసుకోకు. గోంగూర పచ్చడి సీసాకి రెండు కవర్లు చుట్టాను. కందిపొడి, కాకరకాయ వేపుడు, సున్నుండలు ఉన్నాయి. సున్నుండలు పంచిపెట్టకుండా నువ్వు తిను, చిక్కిపోయావని ఫోటోలో కనిపిస్తోందట. చిరునామా మారి ఉంటే శుక్రవారం లోపల చెప్పు.