ఏడు నెలలుగా జవాబివ్వని మీ కంపెనీకి కర్నూలు నుంచి ఫిర్యాదు

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

నమస్కారం.

మొన్న మంగళవారం పొద్దున స్కూలుకు బయల్దేరుతుంటే, ఇళ్లు వెతికిపెట్టే మీ కంపెనీ నుంచి మెసేజ్ వచ్చింది. 'మీ సమస్య పరిష్కారమైంది, మా సేవకు రేటింగ్ ఇవ్వండి' అని. ఏ సమస్య పరిష్కారమైందో అడుగుదామని వెంటనే ఫోన్ చేశాను. పదిహేడు నిమిషాలు పాట వినిపించాక ఒకమ్మాయి ఎత్తి, "సిస్టంలో క్లోజ్ అని చూపిస్తోంది సార్" అంది. ఎవరు క్లోజ్ చేశారంటే తెలీదంది. మళ్లీ తెరవమంటే కొత్త ఫిర్యాదు పెట్టుకోమంది. అంటే ఏడు నెలలు నేను తిరిగిందంతా చెరిపేసి, మళ్లీ మొదటి నుంచి చెప్పుకోవాలి. ఆ రోజు మూడో పీరియడ్ దాకా నా మనసు మనసులో లేదు. పిల్లల మీద ఊరికే కసురుకున్నాను. ఫోన్లో చెప్పి లాభం లేదని ఈ ఉత్తరం రాస్తున్నాను.

జనవరిలో కొనడానికి ఇల్లు వెతికిపెడతామని నా దగ్గర 9,000 రూపాయలు కట్టించుకునేటప్పుడు మీవాళ్లు అన్న మాట నాకు ఇప్పటికీ గుర్తుంది. "అందరూ ఎగబడే ఏరియాలు కాదు సార్, ఎవరి కన్నూ పడని మంచి చోట్లు వెతికిపెడతాం, 45 రోజుల్లో" అన్నారు. ఆ మాట నమ్మే కట్టాను. వెంకటరమణ కాలనీలోనో, నంద్యాల రోడ్డు మీదనో కొనే తాహతు టీచరు జీతానికి లేదు. మూడు సెంట్లలో పాత ఇల్లయినా చాలు. అలాంటివి మా ఊళ్లో ఉన్నాయి. 1953లో కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయినప్పుడు ఉద్యోగుల కోసం వెలసిన క్యాంపుల చుట్టుపక్కల సందులున్నాయి. కల్లూరు లోపలి వీధులున్నాయి. కారు తిరగదని బిల్డర్లు వదిలేసిన వీధులు మాలాంటి వాళ్లకు సరిపోతాయి. నడిచే దూరంలో బడి, కూరగాయల బండి, పెద్దాసుపత్రికి ఆటో ఉంటే ఇంకేం కావాలి?

కానీ మా ఊళ్లో ఇల్లు కొనేవాడు ధర కంటే ముందు అడగాల్సిన మాట ఒకటుంది. 2009 అక్టోబర్ 2న ఈ వీధిలోకి నీళ్లు ఎంతదాకా వచ్చాయి? తుంగభద్ర, హంద్రీ నదులు రెండూ కలిసి ఊరిమీద పడిన రోజది. అప్పుడు మేం పాతబస్తీలో ఉండేవాళ్లం. మా అమ్మ మిద్దె మీద నిలబడి, తన పెళ్లినాటి ఇనుపపెట్టె వాకిట్లోంచి కొట్టుకుపోవడం చూసింది. నీళ్లు తీశాక మోకాలి లోతు బురద. ఇప్పటికీ రాత్రిపూట గట్టి వాన పడితే లేచి కూర్చుంటుంది. అందుకే మీ ఫారంలో ఇదే మొదటి ప్రశ్నగా రాశాను. పక్కపక్క వీధుల్లో కూడా ఒకదాంట్లో కిటికీ దాకా నీళ్లొస్తే ఇంకోదాంట్లో గడప కూడా తడవకపోవచ్చు. ఆ తేడా అక్కడ ఉండేవాళ్లను అడిగితేనే తెలుస్తుంది. ఆ అడిగే పనికే కదా మీకు డబ్బు కట్టింది.

మీ దగ్గర్నుంచి మొదట ఫోన్ చేసినావిడ, "హంద్రీ అంటే కాలనీ పేరా సార్?" అని అడిగింది. నది అని చెప్పాను. ఆమె తప్పు నేను పట్టడం లేదు, ఆమె కర్నూలు చూసి ఉండదు. చూడనావిడకి కర్నూలు ఫైలు ఎందుకిచ్చారు అన్నదే నా ప్రశ్న. రెండోసారి ఒకబ్బాయి ఓర్వకల్లు వైపు ప్లాట్ల ఫొటోలు పదకొండు పంపాడు. అక్కడ 2021లో ఎయిర్‌పోర్ట్ వచ్చింది కాబట్టి రేట్లు పెరుగుతాయట. "పెట్టుబడికి కాదు బాబూ, మేం ఉండటానికి. మా అమ్మను నెలనెలా పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి" అన్నాను. "నోట్ చేసుకున్నాను సార్" అన్నాడు. వారం తిరగకుండా అవే ఫొటోలు మళ్లీ పంపాడు.

మూడో ఆయన మార్చిలో కల్లూరు దగ్గర ఒక ఇల్లుందని సర్వే నంబరు ఇచ్చాడు. అది 22-ఏ నిషేధిత జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ చేయకూడని ఆస్తుల జాబితాలో ఉందేమో చూసి చెప్పమన్నాను, పాత అమ్మకాల లింకు డాక్యుమెంట్లు, ఆస్తి లావాదేవీలు చూపే ఈసీ కూడా అడిగాను. 'సంబంధిత విభాగానికి పంపాం, 48 గంటల్లో ఫోన్ వస్తుంది' అని మెసేజ్ వచ్చింది. రాలేదు. మళ్లీ చేస్తే మళ్లీ 48 గంటలు. అలా ఐదుసార్లు. చివరికి సెలవు పెట్టి నేనే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లి ఈసీ తీయించుకున్నాను. ఆ ఇల్లు అప్పటికి రెండు నెలల కిందటే అమ్ముడుపోయింది. ఆ సంగతి మీ వాళ్లకు చెబుదామంటే, ఆ మూడో ఆయన ఉద్యోగం మానేశాడన్నారు.

ఏప్రిల్‌లో నాలుగో ఆయన వచ్చాడు. నిజంగా మనిషి వచ్చాడని మా అమ్మ ఎంత సంబరపడిందో. మిట్టమధ్యాహ్నం ఎండలో, డెబ్బై ఒక్కేళ్ల మనిషి, ఆటోలో మాతోపాటు వచ్చింది. హంద్రీకి దగ్గర్లోనే ఒక ఇల్లు చూపించాడు. లోపలంతా కొత్త సున్నం, పచ్చగా మెరుస్తోంది. ఇక్కడికి నీళ్లు రాలేదు కదా అని అడిగితే, "అస్సలు రాలేదు సార్, ఓనరే చెప్పాడు" అన్నాడు. అమ్మ ఏం మాట్లాడకుండా వంటింట్లోకి వెళ్లి, స్టవ్ బండ వెనక గోడ మీద గోటితో గీకింది. పెచ్చు ఊడింది. కింద బురద రంగు గీత, బండకు జానెడు పైన, గోడ పొడుగునా. "ఈ గోడ నీళ్లు తాగింది నాయనా" అంది ఆ అబ్బాయితో. కోపంగా కూడా అనలేదు. అతను ఫోన్ చూసుకుంటూ బయటికి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం మీ రికార్డులో 'కస్టమర్‌కు ఇల్లు నచ్చలేదు' అని రాశారు. మంగళవారం ఫోనెత్తిన అమ్మాయే నాకు చదివి వినిపించింది. వరద గీత సంగతి ఒక్క ముక్క లేదు. ఇల్లు బాగోలేకపోతే ఇంకోటి చూసుకుంటాం, అందులో బాధ లేదు. మేం చెప్పింది వినలేదు, విన్నది రాయలేదు, రాసింది నిజం కాదు. నన్ను కాల్చేది అదే. ఆ తర్వాత ఆగస్టు దాకా నేను 31 సార్లు ఫోన్ చేశాను. తేదీలు, టైములు నోటుబుక్కులో ఉన్నాయి. 31 సార్లలో ఒక్కసారి కూడా నా కష్టం అర్థమైందన్నవాళ్లు లేరు. ప్రతిసారీ కథ మొదటి నుంచి చెప్పించారు.

మీ కంపెనీకి మేం కొత్తవాళ్లం కాదు. 2017లో ఇప్పుడున్న అద్దె ఇల్లు మీ ద్వారానే దొరికింది. అప్పుడు మీ ఆఫీసు కుర్రాడు సామాన్లు దింపేదాకా మాతోనే ఉన్నాడు. ఆ మంచితనం చూసే మా బావమరిదిని, మా స్కూల్లో ముగ్గురు టీచర్లను మీ దగ్గరికి పంపాను. ఇప్పుడు వాళ్లు స్టాఫ్‌రూంలో "మీ కంపెనీ ఏమంది సార్?" అని అడుగుతుంటే తలెత్తుకోలేకపోతున్నాను.

దసరాకల్లా ఈ ఇల్లు ఖాళీ చేయాలని మా ఓనరు చెప్పారు. ఆయన కూతురు వస్తోంది, ఆయన్ని తప్పుపట్టలేను. నాకు కావలసింది కర్నూలు తెలిసిన ఒక మనిషి. కాలినడకన నాలుగు వీధులు తిరిగి, ముసలివాళ్లను అడిగి, నీళ్లెక్కడిదాకా వచ్చాయో చెప్పేవాడు. అది మీవల్ల కాకపోతే నా 9,000 వెనక్కివ్వండి, మార్చిలో నష్టపోయిన సెలవు జీతంతో సహా. ఆ రికార్డులో నిజం రాయండి. ఇవేవీ జరగకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. ఐదు లక్షల లోపు ఫిర్యాదుకు ఫీజు లేదు, వకీలు కూడా అవసరం లేదు. నా నోటుబుక్కు తీసుకెళ్తే చాలు. ఓర్వకల్లు ప్లాట్లు అమ్మజూపిన మీ అబ్బాయిని రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) రిజిస్ట్రేషన్ నంబరు అడిగితే ఇవ్వలేదు. దాని గురించి రెరాకు కూడా రాస్తాను.

పది రోజులు ఎదురుచూస్తాను. ఫోన్ చేస్తే సాయంత్రం 5 తర్వాత చేయండి. పగలు నాకు క్లాసులుంటాయి, ఈ సంగతి మీ నలుగురికీ చెప్పాను. నేను దొరక్కపోతే మా అమ్మ ఎత్తుతుంది. ఆమెకు ఈ ఊళ్లో ప్రతి వీధీ తెలుసు. ఆమె చెప్పింది రాసుకోండి.

ఇట్లు,
మీ పాత కస్టమరు,
కర్నూలు