దున్నపోతు మీద వాన

సంపాదకులకు నమస్కారం.

ఎండాకాలం రాగానే గేదెలు మురుగుకాలువల్లో పడుకుని దారికి అడ్డమవుతున్నాయని, యజమానులకు జరిమానా వేయాలని మా మధురవాడ వైపు తరచూ వినిపిస్తుంది. పశువైద్యుడిగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న నాకు ఈ ఫిర్యాదులో సగం న్యాయమే కనిపిస్తోంది. మురుగు వల్ల పొదుగువాపు వచ్చే మాట నిజమే కాని, గేదె అందులోకి దిగేది మొండితనంతో కాదు, ఒంటి వేడి దించుకోవడానికి.

నల్లని చర్మం, పలచని వెంట్రుకలు గల గేదె ఎండను ఎక్కువగా పీల్చుకుంటుంది. చెమట గ్రంథులు చూస్తే ఆవుకు ఉన్నన్ని లేవు. ఒంగోలు ఆవు తెల్లని వెంట్రుకలతో కొంత ఎండను తిప్పికొట్టి, మిగిలిన వేడిని చెమటతో వదిలించుకుని మేస్తూ ఉండగా, గేదె మాత్రం నీడనో నీటినో వెతుక్కోవలసిందే. ఒంటికి పట్టిన బురద ఆరేంత సేపూ చల్లదనాన్నిస్తుంది, ఈగలనూ ఆపుతుంది. మొద్దుతనానికి 'దున్నపోతు మీద వాన కురిసినట్టు' అని సామెత కట్టాం కాని, పాపం, ఆ వానలో కదలకుండా నిలబడడమే దానికి హాయి.

సముద్రానికి దూరంగా ఉన్న జిల్లాల్లో 42 డిగ్రీలున్న రోజున మనకు 35 దాటలేదని సంతోషిస్తాం. అయితే చెమట ఒంటిని చల్లబరిచేది కారడం వల్ల కాదు, ఆవిరి కావడం వల్ల. ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే సుమారు 580 కిలోకేలరీల వేడి పోతుంది. సముద్రపు గాలి అప్పటికే తేమతో నిండి ఉంటే ఆ ఆవిరి మందగిస్తుంది. కుక్క నాలుక చాపి రొప్పడం, చెమటే పట్టని కాకి నోరు తెరిచి కూర్చోవడం కూడా ఈ ఆవిరినే నమ్ముకున్న ఉపాయాలు కాబట్టి, ఉక్కపోత రోజున వాటి శ్రమకు ఫలితం తక్కువ. నీట మునిగిన గేదెకు ఈ బెడద లేదు. నీటి ఉష్ణవాహకత, అంటే వేడిని తన గుండా పోనిచ్చే గుణం, గాలి కంటే 20 రెట్లకు పైగా ఎక్కువ కాబట్టి ఒంటి వేడిని నీరే నేరుగా లాగేసుకుంటుంది.

ఒకప్పుడు ఊరి చెరువో గెడ్డో ఈ అవసరం తీర్చేది. ఊళ్లు నగరంలో కలిసి, చెరువుగట్లు ప్లాట్లుగా మారిన చోట మిగిలింది మురుగుకాలువే. వేడికి తాళలేని గేదె మేత తగ్గిస్తుంది, పాలు తగ్గుతాయి, ఎదకు వచ్చినా పైకి తెలియని 'మూగ ఎద' వల్ల చూలు కట్టడం ఆలస్యమవుతుంది. ఆ నష్టం పాడి మీదే బతికే కుటుంబానిది. కనుక జరిమానాల కంటే ముందు, మిగిలిన చెరువుల్లో ఒక వైపు పశువులు దిగేందుకు వాలుగా రేవు ఉంచాలని, పాకలున్న పేటల్లో నీడన నీటి తొట్లు కట్టించాలని అధికారులను కోరుతున్నాను. అంతవరకు యజమానులు మధ్యాహ్నం రెండుసార్లైనా గేదెల ఒంటిని తడపడం మంచిది.

ఇట్లు,
ఒక విశ్రాంత పశువైద్యుడు,
మధురవాడ, విశాఖపట్నం.